బడిలో పిల్లలే నడిపే టీవీ స్టూడియో: మొదటి మైకు నుంచి శుక్రవారం బులెటిన్ దాకా

స్టూడియో పెడదాం అనగానే అందరి కళ్లూ కెమెరా మీదికే పోతాయి. మా బళ్లోనూ అంతే. మాది జిల్లా పరిషత్ హైస్కూలు. పూర్వ విద్యార్థుల సమావేశంలో ఎవరో "మన బడికో టీవీ ఛానల్ పెడదాం" అన్నారు, అమెరికాలో ఉండే ఒకాయన తన పాత కెమెరా పంపిస్తానన్నాడు, పంపించాడు కూడా, అది వచ్చాక ఆర్నెల్లు బీరువాలోనే ఉంది. మైకు లేదు, గది లేదు, ఏ రోజు ఏం తీయాలో ఎవరికీ తెలియదు మరి. చివరికి ఒక ఫోను, వెయ్యి లోపు దొరికే ఒక కాలర్ మైకు పెట్టుకుని మొదలుపెడితే పని నడిచింది. అందుకే ఇక్కడ సామాన్ల జాబితాతో మొదలుపెట్టట్లేదు.

టీవీ, బడి అనే జంట మనకి కొత్తదేమీ కాదు. 1975 ఆగస్టు నుంచి 1976 జూలై దాకా ఉపగ్రహం ద్వారా పల్లెలకు టీవీ పాఠాలు పంపిన 'సైట్' ప్రయోగంలో ఆరు రాష్ట్రాల్లో 2,400 పల్లెలు ఉంటే, అందులో ఆంధ్రప్రదేశ్ పల్లెలూ ఉన్నాయి. అప్పుడు పిల్లల పని చూడటమే. కేరళలో 2018 నుంచి 'లిటిల్ కైట్స్' పేరుతో నడుస్తున్న ఐటీ క్లబ్బుల్లో పిల్లలే కెమెరా పట్టుకుని బడి కార్యక్రమాలు తీస్తున్నారు. మనకి కావలసింది ఈ రెండో రకం.

ముందు మూడు విషయాలు తేల్చుకోండి

ఏం చేస్తాం, ఎప్పుడు చేస్తాం, ఎక్కడ చూపిస్తాం. మా జవాబు ఇది: వారానికొక బులెటిన్, ఐదు నిమిషాలు, శుక్రవారం షూటింగ్, శనివారం మొదటి పీరియడ్‌లో అన్ని తరగతుల్లో ప్రదర్శన. రోజూ చేద్దాం అని ఉత్సాహపడే పిల్లలుంటారు, ఒప్పుకోకండి. రోజూ అన్నవాళ్లు రెండో వారానికి ఆగిపోతారు. ఆంధ్రప్రదేశ్‌లో చాలా హైస్కూళ్ల తరగతి గదుల్లో ఇప్పుడు ఐఎఫ్‌పీ ప్యానెళ్లు (గోడకి బిగించిన పెద్ద టచ్ తెరలు) ఉన్నాయి, పెన్‌డ్రైవ్ గుచ్చితే వీడియో ఆడుతుంది. అవి లేని బళ్లో ఒక ప్రొజెక్టర్, ఒక తెల్ల గోడ చాలు. యూట్యూబ్ సంగతి తర్వాత. తోటి పిల్లలు చూసి నవ్వడమో చప్పట్లు కొట్టడమో జరగని ఛానల్‌ని ఊళ్లో వాళ్లూ చూడరు.

హెచ్‌ఎం గారి అనుమతి కాగితం మీద తీసుకోండి. బళ్లో పిల్లల చేతిలో ఫోను కనపడితే ఇన్‌స్పెక్షన్‌కి వచ్చినవాళ్లు అడుగుతారు, అప్పుడు ఆ కాగితమే మాట్లాడాలి. షూటింగ్ కూడా బడి వేళల్లోనే పెట్టుకోండి. సాయంత్రం ఉండమంటే పక్క ఊరి పిల్లలకి బస్సు పోతుంది, ముఖ్యంగా ఆడపిల్లలు మానేస్తారు.

ఎవరు ఏం చేస్తారు

పన్నెండు మంది చాలు. డైరెక్టర్, ఫ్లోర్ మేనేజర్, ఇద్దరు కెమెరా, ఒకరు ఆడియో, ఒకరు స్విచింగ్ (ఏ కెమెరా బొమ్మ తెర మీదికి రావాలో మార్చడం), ఒకరు గ్రాఫిక్స్, ఒకరు ప్రాంప్టర్ (చదవాల్సిన స్క్రిప్టు రీడర్‌కి చూపించేది), ఇద్దరు న్యూస్ రీడర్లు, మిగిలినవాళ్లు రిపోర్టర్లు. నెలకోసారి పనులు మారాలి. మార్చకపోతే ఏమవుతుందో నేను చూశాను: నాలుగు వారాలయ్యేసరికి మగపిల్లలంతా కెమెరాల దగ్గర, ఆడపిల్లలంతా మేకప్ వేసుకుని యాంకర్ కుర్చీలో. ఎవరూ అలా చెయ్యమని చెప్పలేదు, దానంతట అదే జరిగింది. ఇప్పుడు ఎవరి పని ఏమిటో గోడ మీది చార్టు చెప్తుంది. నచ్చినా నచ్చకపోయినా ప్రతి ఒక్కరూ కనీసం ఒక నెల హెడ్‌ఫోన్లు పెట్టుకుని ఆడియో దగ్గర కూర్చోవాల్సిందే.

మరి టీచరు? చేతులు కట్టుకుని వెనక నిలబడాలి. ఇది రాసినంత తేలిక కాదు. స్విచింగ్ పిల్లాడు తప్పు కెమెరా నొక్కుతుంటే మన చెయ్యి దానంతట అదే మౌస్ మీదికి పోతుంది. ఒక్కసారి పోయిందంటే ఆ పిల్లాడు ఆ తర్వాత ప్రతి బటన్‌కీ మన మొహం చూస్తాడు. కరెంటుతో ప్రమాదం, ఏడుస్తున్న పిల్ల, ప్రసారం చేయకూడని మాట, ఈ మూడింటికి తప్ప నేను కల్పించుకోను.

గది

వాడని ల్యాబో, స్టోరు రూమో ఏదైనా సరే, పదిహేను అడుగుల పొడవుంటే బావుంటుంది. వంటషెడ్డు పక్కన వద్దు, మధ్యాహ్న భోజనం ప్లేట్ల చప్పుడు ప్రతి బైట్‌లోనూ (కెమెరా ముందు ఎవరైనా చెప్పే మాటలోనూ) వినిపిస్తుంది. రేకుల కప్పు వద్దు, వానొస్తే షూటింగ్ బంద్. గది మధ్యలో నిలబడి ఒక చప్పట్టు కొట్టండి, 'ఠంగ్' మని తిరిగొస్తే గోడలకి బట్ట కావాలి. పాత దుప్పట్లు, జంపఖానాలు, బొంతలు గోడకి నాలుగు అంగుళాలు ఎడంగా దండెం మీద వేలాడదీయండి, ముఖ్యంగా రీడర్ ఎదుటి గోడకి. కోడిగుడ్ల అట్టలు అంటించమని అందరూ సలహా ఇస్తారు. వాటితో పెద్దగా ఉపయోగం లేదు, పైగా నిప్పంటుకుంటే గబగబా మండుతాయి.

ప్లగ్గుల్లో ఎర్తింగ్ ఉందో లేదో ఎలక్ట్రీషియన్‌తో చూపించండి. లేకపోతే షాకు మాట అటుంచి, మైకులో ఎప్పుడూ ఒక 'బుయ్' శబ్దం. లాప్‌టాప్ ఛార్జర్ పీకగానే ఆ శబ్దం పోయిందంటే కారణం దొరికినట్టే, రికార్డింగ్ అయ్యేదాకా బ్యాటరీ మీదే నడపండి.

శబ్దం: డబ్బులు ముందు ఇక్కడ పెట్టండి

బొమ్మ కాస్త మసకగా ఉన్నా పిల్లలు చూస్తారు. మాట సరిగ్గా వినపడకపోతే అర నిమిషంలో గోల మొదలవుతుంది. వైరున్న కాలర్ మైకులు రెండు కొనండి, వైర్‌లెస్ తర్వాత చూద్దాం. కొనేటప్పుడు పిన్ను చూసుకోవాలి: పిన్ను మీద మూడు నల్ల గీతలుంటే అది ఫోనుకి, రెండుంటే కెమెరాకి. ఇది తెలియక మేం ఫోను మైకుని కెమెరాకి గుచ్చి, మైకు పాడైందని షాపువాడితో గొడవపడి తిరిగొచ్చాం. ఆ గుండ్రటి సాకెట్టే లేని ఫోనైతే టైప్-సి అడాప్టర్ కావాలి.

మైకుని గడ్డానికి ఒక జానెడు కింద పెట్టాలి. ఆడపిల్లలకి చున్నీ మీద పెడితే ప్రతి కదలికకీ 'కరకర' వస్తుంది, చున్నీని రెండు వైపులా పిన్నులతో బిగించి మైకుని దాని పై అంచుకి తగిలిస్తే పోతుంది. ఫ్యాను ఆపాలి. ఎండాకాలంలో ఇది శిక్షే, కాబట్టి హెడ్‌లైన్స్ ఒక ముక్క, వార్తలు ఒక ముక్కగా తీసి మధ్యలో ఫ్యాను వేసుకోండి.

శబ్దం ఎంత గట్టిగా వస్తోందో, అంటే లెవెల్స్ చూడటం ఆడియో పిల్లల పని. ఓబీఎస్ అనే ఉచిత రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఆకుపచ్చ, పసుపు, ఎరుపు రంగుల మీటరు ఉంటుంది. మామూలు మాట పసుపులో ఆడుతుండాలి, నవ్వినప్పుడో గట్టిగా అన్నప్పుడో ఎరుపు తాకితే ఫర్వాలేదు, ఎరుపు చివర గోడకి గుద్దుకుంటే మాత్రం శబ్దం పగిలిపోతుంది, తర్వాత ఎవరూ బాగుచేయలేరు. హెడ్‌ఫోన్లు చెవి మొత్తం మూసే రకం తీసుకోండి. హెడ్‌ఫోన్లు లేకుండా రికార్డింగ్ మొదలుపెట్టకూడదు. ఒకసారి ఊరి సర్పంచ్ గారి ఇంటర్వ్యూ ఇరవై నిమిషాలు తీశాం, మైకు స్విచ్ ఆన్ చెయ్యలేదు. మళ్లీ అడగడానికి ఎవరికీ మొహం చెల్లలేదు.

వెలుగు, కెమెరా

ఇరవై వాట్ల ఎల్‌ఈడీ ట్యూబులు రెండు కొనండి, రెండూ ఒకే కంపెనీవి, ఒకే రంగువి. ఒకటి తెల్లగా ఒకటి పచ్చగా ఉంటే మొహం సగం ఒక రంగు, సగం ఇంకో రంగు. రీడర్‌కి ఒక పక్కగా, కాస్త ఎత్తులో ఒక లైటు, రెండో పక్క థర్మోకోల్ షీటు పెట్టి అదే వెలుగుని తిప్పికొట్టడం, వెనక నుంచి జుట్టు మీద పడేలా రెండో ట్యూబు. సినిమా షూటింగుల్లోనూ థర్మోకోల్ పట్టుకుని ఒక మనిషి నిలబడి ఉంటాడు, చూసే ఉంటారు. రీడర్ కుర్చీ గోడకి నాలుగైదు అడుగుల ముందుంటే నీడ గోడ మీద పడదు.

ఇక అమెరికా కెమెరా కథ. బీరువాలోంచి తీసి పెడితే బొమ్మ మీద నల్లటి చారలు పైకీ కిందికీ పాకుతున్నాయి. పాడైపోయింది అనుకున్నాం. విషయం ఏమిటంటే అక్కడి కరెంటు 60 హెర్ట్జ్, మనది 50. కెమెరా అక్కడి లెక్కకి సెకనుకి 30 ఫ్రేములు తీస్తోంది, మన ట్యూబులేమో సెకనుకి వంద సార్లు మినుకుతున్నాయి. మెనూలో ఎన్‌టీఎస్‌సీ (అమెరికా టీవీ పద్ధతి) నుంచి పాల్‌కి (మన టీవీ పద్ధతికి) మార్చి, 25 ఫ్రేములు, షటర్ 1/50 పెట్టగానే చారలు మాయం. ఫోన్ కెమెరాలోనూ 'యాంటీ ఫ్లిక్కర్' అని ఉంటే 50 హెర్ట్జ్ ఎంచుకోండి. విదేశాల నుంచి దాతలు పంపే ప్రతి కెమెరాకీ ముందు ఈ పని చెయ్యండి.

వైట్ బ్యాలెన్స్ (రంగు), ఫోకస్ (స్పష్టత), ఎక్స్‌పోజర్ (వెలుగు) మూడూ లాక్ చెయ్యాలి, ఆటోలో వదిలేస్తే రీడర్ చెయ్యి ఊపినప్పుడల్లా గది వెలిగి ఆరుతుంది. లెన్సు రీడర్ కంటి ఎత్తులో ఉండాలి. ట్రైపాడ్ కింద ఒక ఇటుకల సంచి వేలాడదీస్తే ఎవరి కాలు తగిలినా పడదు.

గ్రీన్ మ్యాట్ మీద, అంటే వెనక ఆకుపచ్చ గుడ్డ కట్టి ఆ రంగున్న చోటల్లా కంప్యూటర్‌తో వేరే బొమ్మ పెట్టడం మీద, పిల్లలకి మోజు ఎక్కువ. మా వాళ్లు పట్టుబట్టి ఆకుపచ్చ గుడ్డ కట్టారు. ఆ రోజు రీడర్ రెండు జడలకీ ఆకుపచ్చ రిబ్బన్లు! తెర మీద జడలు మధ్యలో తెగిపోయి గాల్లో వేలాడాయి. ఆ బులెటిన్‌కి వచ్చినంత ఆదరణ మళ్లీ దేనికీ రాలేదనుకోండి. మొదటి ఏడాది ముదురు నీలం గుడ్డ, దాని మీద బడి పేరు, అంతే చాలు.

కంట్రోల్ రూమ్

పెద్ద మాటగా ఉంది గానీ ఇది ఒక బల్ల, ఒక లాప్‌టాప్. 8 జీబీ ర్యామ్ ఉన్నది సరిపోతుంది. కెమెరా హెచ్‌డీఎంఐ నుంచి చిన్న క్యాప్చర్ కార్డ్ (కెమెరా బొమ్మని లాప్‌టాప్‌కి అందించేది) ద్వారా లాప్‌టాప్‌కి, రెండో కెమెరాగా ఫోను. రెండిటినీ ఒకే యూఎస్‌బీ హబ్‌కి గుచ్చితే బొమ్మ ఆగి ఆగి వస్తుంది, వేర్వేరు పోర్టుల్లో పెట్టండి. ఓబీఎస్‌లో నాలుగు సీన్లు చేయండి: ఇద్దరు రీడర్లూ కనిపించేది, ఒక్కరే కనిపించేది, ముందే ఎడిట్ చేసిన వార్తా కథనం (ప్యాకేజ్), టైటిల్. వాటికి ఎఫ్1 నుంచి ఎఫ్4 దాకా షార్ట్‌కట్ పెట్టి, కీల మీద రంగు స్టిక్కర్లు అంటించండి. 'స్టూడియో మోడ్' ఆన్ చేస్తే ఎడమ పక్క రాబోయేది, కుడి పక్క నడుస్తున్నది కనిపిస్తాయి.

రికార్డింగ్ ఫార్మాట్ ఎంపీ4 పెట్టొద్దు, ఎంకేవీ పెట్టండి. ఎంపీ4లో రాస్తుండగా కంప్యూటర్ ఆగిపోతే ఫైలు మొత్తం పోవచ్చు, ఎంకేవీలో ఆగిన చోటి దాకా మిగులుతుంది. మా మొదటి గణతంత్ర దినోత్సవం బులెటిన్ అలాగే పోయింది, ముప్పై ఎనిమిదో నిమిషంలో కరెంటు పోయింది, ఆ లాప్‌టాప్ బ్యాటరీ ఎప్పుడో చచ్చింది. పిల్లల కవాతు, ప్రసంగాలు, ఐదో తరగతి పాప పాట, ఏదీ లేదు. ఎంకేవీలో తీసి, అయిపోయాక అదే ఓబీఎస్‌లో ఫైల్ మెనూలోని రీమక్స్‌తో ఎంపీ4 చేసుకోవచ్చు, అరనిమిషం పని. 20 ఎంబీపీఎస్ (సెకనుకి 20 మెగాబిట్లు) దగ్గర రికార్డు చేస్తే నిమిషానికి 150 ఎంబీ, గంటకి 9 జీబీ అవుతుంది, డిస్కులో ఆ మేరకు ఖాళీ చూసుకోండి.

తెలుగు అక్షరాలతో ఇంకో తలనొప్పి. డీటీపీ షాపులో అను ఫాంట్లలో టైపు చేయించిన పేర్లు తెచ్చి ఇక్కడ అతికిస్తే పిచ్చి గీతలొస్తాయి. యూనికోడ్‌లోనే (ఫోనులో తెలుగు టైపయ్యే పద్ధతిలోనే) టైపు చేయండి, మండలి, రామభద్ర వంటి ఫాంట్లు గూగుల్ ఫాంట్స్‌లో ఉచితం. ఓబీఎస్‌లో నేరుగా టైపు చేసినప్పుడు వత్తులు విడిపోయి కనిపిస్తే, ఆ పేరుపట్టీని బొమ్మగా చేసి పీఎన్‌జీ ఫైలు పెట్టుకోండి. పేర్లలో వత్తు తప్పు పడితే ఆ పిల్లాడి అమ్మానాన్నలు ఏడాదంతా గుర్తుపెట్టుకుంటారు.

రాత

మొదటి వారం వచ్చే స్క్రిప్టులన్నీ ఇలా ఉంటాయి: "పాఠశాల నందు ప్రధానోపాధ్యాయుల వారి అధ్యక్షతన సైన్సు దినోత్సవ వేడుకలు ఘనంగా నిర్వహించబడినవి." పిల్లల తప్పు కాదు, నోటీసు బోర్డు భాష అదే కదా. దాన్ని ఇలా మార్చమనండి: "మా బళ్లో నిమ్మకాయలతో లైటు వెలిగింది. తొమ్మిదో తరగతి వాళ్లు నాలుగు నిమ్మకాయలకి రాగి, జింకు ముక్కలు గుచ్చి చిన్న ఎల్‌ఈడీని వెలిగించారు. ఎలాగో వాళ్ల మాటల్లోనే వినండి." అక్కడ బైట్ వస్తుంది. చిన్న వాక్యం, ముందు జరిగింది, తర్వాత ఎవరు. ప్రాంప్టర్ మీద అంకెలు కూడా పలికినట్టే రాయాలి, 1,250 అని కాదు, పన్నెండు వందల యాభై అని. ప్రాంప్టర్ అంటే కొనక్కర్లేదు, లెన్సు ముందు ఏటవాలుగా 45 డిగ్రీల్లో అవతలికి కనిపించే ఒక గాజు పలక, కింద ఫోనులో తిరగేసిన అక్షరాలు, చుట్టూ నల్ల అట్ట.

ప్రతి వార్తనీ గట్టిగా చదివించి స్టాప్‌వాచ్‌తో కొలవండి. పేజీ లెక్క నమ్మొద్దు, ఒకే పేజీని ఒకరు నలభై సెకన్లలో, ఇంకొకరు నిమిషంన్నరలో చదువుతారు.

వార్త అంటే వేడుకలే కాదు. బోరు పని చెయ్యకపోవడం వార్తే, లైబ్రరీ వారం నుంచి తాళం వేసి ఉండటం వార్తే. ఇక్కడ పెద్దవాళ్లకి టెన్షన్ మొదలవుతుంది. మేం పెట్టుకున్న కట్టుబాటు ఒక్కటే: ఎవరి మీద ఫిర్యాదు ఉందో వాళ్లని అడగకుండా వార్త వెళ్లదు. హెచ్‌ఎం గారు మొదట చిరాకు పడ్డారు, తర్వాత "ఎప్పుడు బాగుచేస్తారో" బైట్‌లో చెప్పాల్సి వచ్చేసరికి ప్లంబర్ తొందరగా వచ్చాడు. తప్పు చెప్తే వచ్చే బులెటిన్ మొదట్లోనే సవరణ చదవాలి. ఒకసారి సెలవు తేదీ తప్పు చదివితే ఏడో తరగతి సగం రాలేదు, ఆ వారం సవరణకి హెడ్‌లైన్స్ కన్నా ముందు చోటిచ్చాం.

వారం ఎలా నడుస్తుంది

సోమవారం భోజనాల తర్వాత పావుగంట మీటింగ్, ఎవరికి ఏ వార్తో రన్‌డౌన్ (వార్తల వరుస) చార్టు మీద రాస్తారు. మంగళ, బుధవారాల్లో రిపోర్టర్లు తిరుగుతారు. గురువారం ఎడిటింగ్, షాట్‌కట్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్ చాలు. శుక్రవారం ఆరో పీరియడ్‌లో లైట్లు, మైకులు, ఒక రిహార్సల్. ఏడో పీరియడ్‌లో షూట్, లైవ్‌లాగే ఆపకుండా. తప్పు వస్తే ఆపి మళ్లీ తీయడం అలవాటైతే ఐదు నిమిషాల బులెటిన్ రెండు గంటలు పడుతుంది. ఫ్లోర్ మేనేజర్ ఐదు, నాలుగు, మూడు పైకి చెప్పి, రెండు, ఒకటి వేళ్లతో చూపిస్తుంది, మైకు అప్పటికే ఆన్‌లో ఉంటుంది కాబట్టి.

లైవ్ మాత్రం ఆరు నెలలు ఆగి, ఆగస్టు 15కో వార్షికోత్సవానికో పెట్టుకోండి. యూట్యూబ్‌లో లైవ్ మొదటిసారి ఆన్ చేస్తే 24 గంటలు పట్టవచ్చు, ముందురోజే చూసుకోవాలి. 2025 జూలై నుంచి 16 ఏళ్లు నిండనివాళ్లు సొంతంగా లైవ్ ఇవ్వకూడదని వాళ్ల నిబంధన, కాబట్టి ఛానల్ బడి పేరిట, టీచరు చేతిలో ఉండాలి. 720పీ లైవ్‌కి 4 ఎంబీపీఎస్ పెట్టుకుంటే, అప్‌లోడ్ స్పీడు కనీసం దానికి రెట్టింపు ఉండాలి, అదీ అదే వేళకి పరీక్షించినప్పుడు. వెనక సినిమా పాట పెట్టారంటే కాపీరైట్ నోటీసు ఖాయం. మా సంగీతం మా బడి డప్పే.

అనుమతులు: ఇక్కడ మొహమాటం వద్దు

2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ప్రకారం 18 ఏళ్ల లోపు అందరూ పిల్లలే, వాళ్ల వివరాలకి తల్లిదండ్రుల సమ్మతి కావాలి. తెలుగులో ఒక పేజీ ఫారం చేయండి: బళ్లో చూపించడానికి ఒక గడి, ఇంటర్నెట్‌లో పెట్టడానికి వేరే గడి. రెండోదానికి వద్దన్న తల్లిదండ్రులు మాకు చాలామంది ఉన్నారు, కారణం అడగలేదు. వద్దన్నవాళ్ల జాబితా ఫ్లోర్ మేనేజర్ దగ్గరే ఉంటుంది, పిల్లల మీద గుర్తులేవీ ఉండవు. తెర మీద పేరు, తరగతి వరకే, ఊరూ బస్సూ వద్దు. పోలీసు కేసులో, లైంగిక నేరాల్లో చిక్కుకున్న పిల్లల గుర్తింపు బయటపెట్టడం బాల న్యాయ చట్టం, పోక్సో చట్టం కింద నేరం. అలాంటి సంగతి రిపోర్టర్‌కి తెలిస్తే అది వార్త కాదు, వెంటనే టీచరుకి చెప్పాల్సిన విషయం.

బ్యాచ్ మారినప్పుడు

పదో తరగతి పిల్లలు డిసెంబరు నుంచి పబ్లిక్ పరీక్షల్లో పడతారు. అందుకని ఎనిమిదిలో నేర్చుకోవాలి, తొమ్మిదిలో నడపాలి, పదిలో దసరా దాకా పక్కన కూర్చుని చూపించాలి. ఇది ముందే పెట్టుకోకపోతే ఒకే ఒక్క మంచి బ్యాచ్‌తో స్టూడియోకి తాళం పడుతుంది. ప్రతి పనికీ ఒక నోటుబుక్కు ఉంటుంది, వెళ్లేవాళ్లు అందులో తమ మాటల్లో రాసి వెళ్లాలి. పోయిన ఏడాది స్విచింగ్ చేసిన అమ్మాయి రాసిన చివరి పేజీలో నాలుగు లైన్లున్నాయి: "ఫ్యాను ఆపావా చూడు. ఎంకేవీ ఉందా చూడు. ఎఫ్3 కీ కొంచెం గట్టిగా నొక్కాలి. సార్ బల్ల దగ్గరికి వస్తే నీళ్లు తెమ్మని బయటికి పంపు."